గేటు దగ్గర గొంతు

మిల్లు ఇల్లు,
వంటింటి బల్ల దగ్గర నుంచి

పిడుగూ,

ఉత్తరం చూసి ఎవరో పోయారని హడలిపోకు. అందరం ఉన్నాం. ఫోన్లో చెబుదామంటే నా చెవులు శాశ్వతంగా సెలవు పుచ్చుకున్నాయి. మెయిల్ పంపుదామంటే ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటరూ మీ మావయ్య గదిలో ఉంది. నేను రాసింది నీకన్నా ముందు వాడు చదువుతాడు. పైగా నీ దగ్గర సెల్‌ఫోనే ఉండకూడదంటివి. ఆకాశంలో చుక్కల గుసగుసలు మీ యంత్రాలకి వినపడాలంటే చుట్టుపక్కల వైరు లేని ఏ వస్తువూ నోరు మెదపకూడదని రూలట కదా. మంచి రూలు. వీలైతే మన ఇంట్లో కూడా పెట్టించు.

విషయం మీ తాతయ్య. మతిమరుపు ముదిరింది. మధ్యాహ్నం మిల్లులో టీకి రంపం ఆపే వేళకి లేస్తారు, ఉతికిన చొక్కా వేసుకుంటారు, గేటు దగ్గరికి బయలుదేరతారు. మీ అమ్మ బడి బస్సు దిగుతుందట, వెళ్ళి తీసుకురావాలట. "పొద్దుననగా వెళ్ళిన పిల్ల, ఇంకా రాలేదేమిటే?" అని నన్నే గదమాయిస్తారు. మొదట్లో నిజం చెప్పాను, మీ అమ్మ పోయిందని. చెప్పిన ప్రతిసారీ ఆయనకి అది మొదటిసారి. నాకు కాదు. అందుకని మానేశాను.

గేటు దగ్గర నిలబడితే నాకేం బాధ లేదు. బస్సు రాకపోతే ఎదురెళదామని రోడ్డెక్కేస్తున్నారు. ఒకసారి దుంగల లారీ డ్రైవరు పక్కన కూర్చోబెట్టుకుని తీసుకొచ్చాడు. ఆయన దర్జాగా దిగి, "డ్రైవరుకి టీ ఇప్పించండి" అన్నారు. కోతమిల్లు గేటు పగలు మూసి కూర్చోవడం కుదరదు. గేటు చూస్తే అంత దూరాన. నేను గమనించి, మోకాళ్ళని బతిమాలి అక్కడికి చేరేలోగా ఆయన మలుపు తిరిగిపోతారు.

మీ మావయ్య మొన్న భోజనాల దగ్గర తేల్చేశాడు. "ఇంకొక్కసారి రోడ్డెక్కితే సంరక్షణ కేంద్రంలో చేర్పిస్తానమ్మా. నాకు నాన్న ప్రాణం కావాలి," అన్నాడు. నాకు తెలియలేదనుకున్నాడేమో, కాగితం మీద కూడా రాసిచ్చాడు. వాడిది తప్పని అనను. కానీ రంపపు పొట్టు వాసన లేని గదిలో ఆయన ఏనాడూ నిద్రపోలేదు. నేను ఆయన్ని పంపను.

మన వైఫై ముందుగది గుమ్మం దాటి బయటికి పోదు. దాన్ని గేటు దాకా తీసుకెళ్ళే ఉపాయం చెప్పు. ఆయన అక్కడికి చేరగానే ఇక్కడ నా బల్ల మీద దీపం వెలగాలి. గంట వద్దు. గంటలతో నాకు తెగతెంపులయ్యాయి.

అమ్మమ్మ

పరిశోధన కేంద్రం,
క్వార్టర్ల నుంచి

అమ్మమ్మా,

నీ ఉత్తరం వచ్చిన రోజే రాస్తున్నాను. మావయ్య అంత మాట అన్నాడని నాకెవరూ చెప్పలేదు. ఫోను చేస్తే "అంతా మామూలే" అంటాడు. మన ఇంట్లో మామూలు అనే మాటకి ఎంత చోటుందో ఇప్పుడు తెలుస్తోంది.

సరే, పని. గేటు దాకా భూమిలో వైరు వేయించడం కుదరదు. దుంగలు దింపే లారీల కింద ఏ గొట్టమూ బతకదు. దారి మధ్యలో ఇంకో వైఫై పెట్టె పెడితే సరిపోతుందని షాపువాడు అంటాడు, వినకు. ఆ పెట్టె ఇంటి మాట విని గేటుకి అప్పజెబుతుంది గానీ సగం మింగేస్తుంది. ఒకటి విని రెండు చెప్పే మన ఎదురింటి పిన్నికి సరిగ్గా తలకిందులన్నమాట.

మనకి కావలసింది జంట పెట్టెలు. ఆరుబయట వానకీ ఎండకీ తట్టుకునేవి. ఒకటి ఇంటి మీద, ఒకటి గేటు స్తంభం మీద. రెండూ ఒకదాని ముఖం ఒకటి చూస్తూ ఉండాలి. మధ్యలో అడ్డం లేకపోతే అంత దూరమూ వాటికి లెక్కే కాదు. గేటు రేకుకి బిగించొద్దు, ఇనుము పడదు. గేటు దగ్గర పెట్టెకి ఒక కెమెరా తగిలించండి, మాట్లాడేది. మనిషిని చూడగానే అది నీ దీపం వెలిగిస్తుంది.

ఒక్క సంగతి మాత్రం చూసి రాయి. ఇంటికీ గేటుకీ మధ్య ఏముంది?

పిడుగు

మిల్లు ఇల్లు,
వంటింటి బల్ల దగ్గర నుంచి

పిడుగూ,

మధ్యలో ఏముందని అడిగావు. ఏమీ లేదు. గాలి, రెండు కుక్కలు, మీ మావయ్య కోపం. నేను వసారాలో నిలబడి స్వయంగా చూశాను. గేటు స్తంభం మీది సున్నం పెచ్చులతో సహా కనిపించింది.

నీ ఉత్తరం షాకుకి ఇచ్చాను. మన కరెంటు పనివాడే. వాడు ఏ ఇంట్లో పనిచేసినా ఆ ఇంట్లో ఎవరో ఒకరికి షాకు తగులుతుందని వాడికా పేరు. ఈసారి మీ మావయ్యకి తగిలింది. నేను నవ్వలేదని రాస్తే నువ్వు నమ్మవు కాబట్టి రాయను.

ఇంటి పెట్టెని డాబా మీద పెట్టమన్నావు. పైకి ఎక్కే నిచ్చెన మిల్లులో పనికి పోయింది. "వసారా స్తంభానికి బిగించేస్తానండి, గేటు నిక్షేపంలా కనబడుతోందిగా," అన్నాడు షాకు. సరేనన్నాను. దాని ఆకుపచ్చ దీపం నాకు కుర్చీలోంచి కనిపిస్తుంది, అదో నిశ్చింత.

కెమెరా గేటు స్తంభం మీద ఆయన ముఖమంత ఎత్తున పెట్టారు. మొదటి రోజే ఆయన వచ్చి నిలబడగానే నా ఉప్పు జాడీ పక్కన దీపం వెలిగింది. వెలగడంతోనే లేచి, చెప్పులు తొడుక్కుని, రోడ్డెక్కకముందే పట్టుకున్నాను. "ఏమిటే, నువ్వూ వచ్చావా బస్సుకి?" అన్నారు. ఆయన పెదాలు నాకు పుస్తకంతో సమానం. అవునన్నాను. ఇద్దరం కాసేపు బస్సు కోసం చూశాం.

 సాయంత్రం మీ మావయ్యే వచ్చి ఆ దీపాన్ని కాస్త ఇటు జరిపి, నా చూపుకి సూటిగా పెట్టి వెళ్ళాడు.

నువ్వు కూడా అక్కడి నుంచి చూడొచ్చని షాకు అన్నాడు. నిజమేనా?

అమ్మమ్మ

పరిశోధన కేంద్రం,
క్వార్టర్ల నుంచి

అమ్మమ్మా,

నిజమే. ఇక్కడ గాల్లో మాట్లాడేవే నిషిద్ధం, వైరుతో నెట్ వచ్చే కంప్యూటరు ఉంది. ఆ వేళకి నాకు డ్యూటీ ఉండదు. రోజూ చూస్తున్నాను. తాతయ్య చిక్కిపోయారు. పైగుండీ పక్క కన్నంలో పెట్టుకుంటున్నారు. నువ్వు ఆయన్ని తీసుకెళుతూ వెనక నుంచి కాలరు సర్దడం కూడా చూశాను.

ఇక మోకాళ్ళని అంత తొందరపెట్టకు. నేనున్నానుగా, చూస్తూ ఉంటాను. ఆయనంతట ఆయనే వెనక్కి వస్తే రానీ.

ఇంటికొచ్చాక ఏమైనా అంటున్నారా?

పిడుగు

మిల్లు ఇల్లు,
వంటింటి బల్ల దగ్గర నుంచి

మనవరాలికి,

ఇంటికొచ్చాక ఏమైనా అంటున్నారా అని ఎంత అమాయకంగా అడిగావు! అంటున్నారు. నేను చెప్పులు తొడుక్కునేలోపే హుషారుగా తిరిగొచ్చి, "అమ్మాయి వచ్చేసింది, కాళ్ళు కడుక్కుంటోంది, అన్నం పెట్టు," అంటున్నారు. నిన్న నేను పెట్టకపోతే తనే కంచం తీసి, తుడిచి, పక్కన పెట్టుకుని కూర్చున్నారు. ఆ కంచం రాత్రి దాకా ఎవరూ తీయలేదు. తీసే ధైర్యం ఎవరికుంది?

ఈరోజు ఆయన వెనకే వెళ్ళి దుంగలు కొలిచే గుమాస్తా గది చాటున నిలబడ్డాను. ఆయన ఆ కెమెరా డబ్బా ముందు వంగి, చిన్నపిల్లతో మాట్లాడినట్టు తల ఊపుతూ మాట్లాడుతున్నారు. మధ్యమధ్య ఆగి వింటున్నారు. ఏం విన్నారో నాకెలా తెలుస్తుంది? గుమాస్తాని అడిగాను. అతను ఇబ్బందిపడి, నా అరచేతిలో వేలితో రాసి చూపించాడు. "నాన్నా" అని రాశాడు.

నా కూతురి గొంతు నీకెవరిచ్చారు?

ఆ పిల్ల పోయినప్పుడు నాకు చెవులున్నాయి. ఆఖరుసారి ఏమందో విన్నదాన్ని నేను. ఆయన మరిచిపోయారు, మీ మావయ్య పనిలో పడ్డాడు, నువ్వు ఊహ తెలియని పిల్లవి. దాన్ని పోగొట్టుకున్నది ఈ ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను. దాన్ని రోజూ గేటు దాకా తీసుకొచ్చి అక్కడే వదిలేసి వెళ్ళిపోతావా? నాటకం నాకొద్దు. నేను వైఫై అడిగాను.

మానెయ్.

అమ్మమ్మ

పరిశోధన కేంద్రం,
క్వార్టర్ల నుంచి

అమ్మమ్మా,

తిట్టు. "పిడుగూ" అనకుండా "మనవరాలికి" అని మొదలుపెట్టావు, అదే నాకు ఎక్కువ తగిలింది.

మొదట "తాతయ్యా" అనే పిలిచాను. "తాతయ్యా, ఎండగా ఉంది, లోపలికి వెళ్ళండి," అన్నాను. ఆయన చుట్టూ చూసి, "ఏమ్మా, బస్సు తప్పిందా? ఎక్కడున్నావు?" అన్నారు.  నేను మాట్లాడకపోయేసరికి నన్ను వెతుక్కుంటూ రోడ్డు మీదికి అడుగేశారు. ఖాళీ లారీ ఒకటి వెనక్కి వస్తోంది. నాకు తెరలో దాని వెనక చక్రం కనిపించింది. "నాన్నా, ఆగు!" అని అరిచేశాను. ఆగిపోయారు. తాతయ్యా అంటే ఆగేవారు కాదు అమ్మమ్మా. నువ్వు వచ్చేసరికి లారీ వెళ్ళిపోయింది. నీకు చెబితే ఆ రోజే మావయ్యకి తెలుస్తుంది. అందుకని చెప్పలేదు.

ఆ రోజు ప్రాణం కోసమే అలా పిలిచాను. తర్వాతి రోజుల్లో పిలిచింది నా కోసం. ఇది కూడా రాసేస్తున్నాను, నువ్వు ఎలాగూ పసిగడతావు. ఆయన నాతో అమ్మ గురించి చెబుతున్నారు. అంటే అమ్మకే చెబుతున్నారు. లెక్కల పరీక్షలో సున్నా వస్తే దాన్ని చిలకగా మార్చి బొమ్మ గీసుకొచ్చిందట కదా. రంపం శబ్దానికి భయపడకుండా దాంతో పోటీపడి పాడేదట కదా. ఇవేవీ నాకు తెలియవు. నువ్వు ఎప్పుడూ చెప్పలేదు. అమ్మ పేరెత్తితే నువ్వు లేచి అన్నం కలిపేదానివి, నాకు ఆకలి లేకపోయినా.

గొంతు ఎవరిచ్చారని అడిగావు. నాది అమ్మ గొంతులా ఉంటుందని మావయ్య ఒకసారి అన్నాడు. నాకెలా తెలుస్తుంది? నేను వినలేదు. విన్నది నువ్వు. నీకేమో ఇప్పుడు నేను వినపడను.

మానెయ్యమంటే మానేస్తాను. నీ జవాబు వచ్చేదాకా మాత్రం పిలుస్తాను, రోడ్డు ఉంది కాబట్టి.

పిడుగు

మిల్లు ఇల్లు,
వంటింటి బల్ల దగ్గర నుంచి

పిడుగూ,

నీ ఉత్తరం చదివి మడిచి బియ్యం డబ్బా కింద పెట్టాను. మళ్ళీ తీశాను. ఇన్నాళ్ళూ జవాబు రాయకపోవడానికి కోపం కారణం కాదు. చిలక సంగతి నేను మరిచిపోయాను. అది తలుచుకుంటే ఏడుపొచ్చింది, చిలకకి కాదు, మరిచిపోయినందుకు. ఇంట్లో మతిమరుపు ఉన్నది ఆయనకొక్కరికే అనుకున్నాను.

నేను మాట్లాడకపోవడం ఇష్టం లేక కాదు. మొదలుపెడితే ఎక్కడ ఆపాలో తెలియక. నువ్వు అప్పుడు చాలా చిన్నదానివి. నీ ముందు ఏడిస్తే నువ్వు నా కళ్ళు తుడిచి, ఆ తర్వాత నీ బొమ్మ కళ్ళు తుడిచేదానివి. అది చూడలేక ఊరుకున్నాను. ఊరుకోవడం అలవాటైపోయింది.

మానవద్దు. కానీ చేసేపని సరిగ్గా చెయ్యి. గుమాస్తా చెప్పేదాన్ని బట్టి నువ్వు నర్సులా బుజ్జగిస్తున్నావట. మీ అమ్మ బుజ్జగించే రకం కాదు. "నాన్నా" అని పిలిచి ఆగేది. ఆయన "ఊ" అన్నాకే తర్వాతి మాట. ఆయన దుంగ కొలుస్తూ పలకకపోతే ఒంటికాలి మీద నిలబడేది, పలికేదాకా. ఇంట్లోకి పదమని ఎప్పుడూ అనేది కాదు. "ఆకలేస్తోంది" అనేది. ఆయన పరుగెత్తేవారు.

కంచం నేనే పెడుతున్నాను. అన్నం కూడా కొద్దిగా పెడుతున్నాను. తర్వాత అది నేనే తింటున్నాను. ఒళ్ళొస్తోంది, కారణం నువ్వు.

వానలు ముందుకొస్తున్నాయి. మీ మావయ్యకి పచ్చి దుంగలు చౌకగా దొరికాయట, నిన్నటి నుంచి లారీ మీద లారీ దిగుతోంది. రంపం షెడ్డు దగ్గర చోటు ఉంచాలని యార్డు నడిమి వరసలోనే పేరుస్తున్నారు. చాలా రోజులకి వాడి ముఖాన నవ్వు చూశాను.

అమ్మమ్మ

పరిశోధన కేంద్రం,
క్వార్టర్ల నుంచి

అమ్మమ్మా,

నీ ఉత్తరం, మావయ్య ఫోను ఒకే రోజు వచ్చాయి. ఫోను ముందొచ్చింది.

ఆ మధ్యాహ్నం కంప్యూటరు తెరిస్తే గేటు లేదు. తెర నల్లగా ఉంది. కరెంటు పోయిందేమో అనుకుని కాసేపు చూశాను. ఆ కాసేపు ఎందుకు చూశానో నాకు తెలియదు. తర్వాత మిల్లు ఆఫీసుకి ఫోను చేశాను. రంపం నడుస్తోంది, గుమాస్తాకి నా మాట ఒక్కటీ వినపడలేదు. "లోడు రేపండీ, రేపు!" అని పెట్టేశాడు. మళ్ళీ చేశాను. ఎవరూ ఎత్తలేదు.

తాతయ్య వచ్చి నిలబడి ఉంటారు. పిలుపు కోసం చూసి ఉంటారు. నీ దీపం వెలిగి ఉండదు.

పచ్చి దుంగ అంటే నిలువెత్తు నీళ్ళు అమ్మమ్మా. సిగ్నల్‌ని తాగేస్తుంది. వసారా స్తంభానికీ గేటుకీ మధ్య వరస పేరిస్తే ఇక ఆ రెండు పెట్టెలూ ఒకదానికొకటి కనబడవు. డాబా మీద ఉన్నా గట్టెక్కేది. మధ్యలో ఏముందని నిన్ను అడిగాను. ఏమీ లేదన్నావు. నేనూ సరేననుకున్నాను. ఆ దుంగల మీద దాగుడుమూతలాడి పెరిగినదాన్ని! మనవాళ్ళని ఎవరిని అడిగినా యార్డులో ఏమీ లేదనే అంటారు. వస్తాయి, కోతకి పోతాయి, దుంగల్ని ఉన్నవాటి కింద ఎవరు లెక్కేస్తారు? బయటివాడైతే మొదటి రోజే అడిగేవాడు.

మావయ్య ఎక్కువ చెప్పలేదు. "దొరికారు. దెబ్బ తగిలింది. ఇక నా వల్ల కాదే," అన్నాడు. ఏం జరిగిందో నువ్వు రాయి. సెలవు అడిగాను. ఈ పరిశీలన ముగిసేదాకా ఇవ్వనంటున్నారు.

పిడుగు

మిల్లు ఇల్లు,
వసారా నుంచి

పిడుగూ,

జరిగింది ఇన్ని వారాలకి చెబుతున్నాను, ఒక్కసారే చెబుతాను.

ఆ రోజు దీపం వెలగకపోతే ఆయన నిద్రపోయారేమో అనుకున్నాను. నిద్రపోనీలే అని ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాను. ఆయన ఆ డబ్బా ముందు చాలాసేపు నిలబడి, దాన్ని తట్టి తట్టి చూశారట. లోడు దింపే కూలీలు చూశారు. రోజూ మాట్లాడే మనిషే కదా అని ఊరుకున్నారు. తర్వాత ఆయన రోడ్డు పట్టుకుని నడిచారు. మీ అమ్మ చదివిన బడి దాకా వెళ్ళారు. అది ఇప్పుడు బడి కాదు, టైర్ల గోడౌను. అక్కడ గొలుసు వేసిన తలుపు పట్టుకుని ఊపుతూ పిలిచారట. లోపల పిల్లని పెట్టి తాళం వేశారని ఆయన కోపం. మీ మావయ్య వెళ్ళేసరికి అరచేతులు రెండూ చీరుకుపోయి ఉన్నాయి. "మీ అక్కని లోపల మరిచిపోయారురా," అన్నారట వాడితో.

వాడు ఇంటికొచ్చాడు. పెరట్లో కొళాయి విప్పి ముఖం కడుక్కున్నాడు. ఎంతసేపటికీ కడుగుతూనే ఉన్నాడు. నేను వెళ్ళి కొళాయి కట్టేసి, "పంపుదాం," అన్నాను. ఆ మాట వాడి చేత అనిపించకూడదనిపించింది.

ఆయన్ని చేర్చిన సంరక్షణ కేంద్రం శుభ్రంగా ఉంది. గోడలు తెలుపు. ప్రతి గదిలోనూ వైఫై నిండుగా ఉందని అక్కడి అమ్మాయి గొప్పగా చెప్పింది. తలుపులు వాటంతట అవే తెరుచుకుంటాయి, ఆయనకి తప్ప. మొదటి వారం ఆ వేళకి లేచి చొక్కా అడిగారట. ఇప్పుడు అడగడం లేదు.

నర్సు ఫోన్లో నువ్వు పిలిచినప్పుడు ఏమన్నారని తర్వాత పంపిన కార్డులో అడిగావు. ఆయన ఫోను నర్సుకి తిరిగిచ్చేసి, "ఎవరో పాపం, వాళ్ళ నాన్న కోసం చేస్తోంది, కనుక్కోండి," అన్నారు. గేటు లేనిచోట ఆ గొంతు ఆయనకి ఎవరిదీ కాదు. నువ్వు చేసింది తక్కువై కాదు, బెంగపెట్టుకోకు.

నిన్న నేను వెళ్ళాను. జీవితమంతా "ఏమేవ్" అని పిలిచిన మనిషి, నన్ను చూసి లేచి నిలబడి, "కూర్చోండమ్మా," అన్నారు. కూర్చున్నాను. ఇంత మర్యాద ఈ మనిషి ఇన్నాళ్ళూ ఎక్కడ దాచారా అనిపించింది. అరచేతులు మానాయి. కాసేపు పట్టుకున్నాను. పరాయి ఆడమనిషి చెయ్యి పట్టుకుందని ఆయన మొహమాటపడ్డారు. అయినా వదల్లేదు.

షాకు నిన్న డాబా ఎక్కి పెట్టెని పైన బిగించాడు. ఎవరూ చెప్పకుండానే వచ్చాడు, బిల్లు కూడా అడగలేదు. ఇప్పుడు ఎన్ని దుంగలు పేర్చినా గేటు అద్దంలా కనిపిస్తోందట. ఎవరూ నిలబడకపోవడం ఒక్కటే లోటు. మీ మావయ్య తీసెయ్యమన్నాడు. వద్దన్నాను.

రేపటి నుంచి ఆ వేళకి నేను వెళతాను. గుమాస్తా గదిలోంచి కుర్చీ తెచ్చి గేటు దగ్గర వేయమన్నాను. నువ్వు పిలువు. నాకు వినపడదు, తెలుసు. ఆ డబ్బా మీద అరచెయ్యి ఆనిస్తే లోపల గొంతు అదరడం తెలుస్తుందని షాకు అన్నాడు. ఇవాళ వాడు ఏదో మాట్లాడుతుంటే ఆనించి చూశాను. చేతి కింద పిట్ట మెదిలినట్టుంది.

అమ్మమ్మా అని కాదు. అమ్మా అని పిలువు. తర్వాత ఏం మాట్లాడాలా అని తడుముకోకు. బడిలో ఏం జరిగిందో చెప్పు.

అమ్మమ్మ